పెన్సిలు రాతలు ఎక్కించరాదు

నాకు పెన్సిలంటే చిన్నచూపు. ఇది ఇంట్లో అబ్బిన గుణం. మా నాన్న గోదావరి జిల్లాలో తాలూకా ఆఫీసు గుమాస్తా. ఆయనకి కాగితాలు రెండే రకాలు. పెన్సిలుతో రాసింది చిత్తు, సిరాతో రాసింది సాఫీ. చిత్తు కాగితాలు సాయంత్రం సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చేవారు. వాటి వెనకవైపు నేను ఎక్కాలు రాసుకున్నాక అమ్మ పొయ్యి రాజేసేది. "సిరా పడేదాకా ఏదీ జరిగినట్టు కాదే" అనేవారు నాన్న. అదేదో వేదవాక్కు అన్నట్టు నెత్తికెక్కించుకుని పెరిగాను.

తొంభైల చివర్లో హైదరాబాదు వచ్చి ఒక చిన్న కంపెనీలో ప్రోగ్రామరుగా చేరాను. మాదాపూర్ దాటాక, రాయదుర్గం పోయే దారిలో, ఒక ఇంటి పై అంతస్తు మా ఆఫీసు. కిటికీలోంచి చూస్తే కంప్యూటరు కంపెనీల కోసం గుండ్రంగా లేస్తున్న ఆ పెద్ద భవనం, దాని చుట్టూ కర్రల పరంజా, వెనకంతా బండలు. బండల మధ్య అక్కడక్కడా జొన్నచేలు. ఊరంతా ఒకటే కంప్యూటరు జపం. నేనూ తక్కువ తినలేదు. మా ఇంటికి ఉత్తరం రాస్తే అందులో సగం ఈ భవనం గురించే ఉండేది.

మా కంపెనీకి దొరికిన పని పాత పహాణీలు కంప్యూటర్లోకి ఎక్కించడం. పహాణీ అంటే ఏ చేనుకి ఎవరు పట్టాదారు, ఆ చేను నిజంగా దున్నుతున్నది ఎవరు, ఏ నీళ్ళతో, ఏ పంట అని ప్రతి ఏడూ రాసే రిజిస్టరు. మండల ఆఫీసు నుంచి జీపులో గోనెసంచుల్లో వచ్చేవి. తెరిస్తే దుమ్ము, చెదలు, ఎలకల వాసన. పన్నెండుమంది కుర్రాళ్ళు, అమ్మాయిలు కూర్చుని టైపు చేసేవారు. వాళ్ళు చూసుకునే తెర తయారుచేసింది నేను. దేన్ని ఎక్కించాలి, దేన్ని వదిలెయ్యాలి అని నియమాలు రాసి, కింద సంతకం పెట్టి, గోడకి అంటించింది కూడా నేనే.

ఆ ఆఫీసు ఊడ్చి, మా అందరికీ టీ పెట్టే ఆవిడ రాయదుర్గం బండల అవతల ఉండేది. యాభై దాటిన మనిషి. పొద్దున్నే ఎనిమిదింటికి వచ్చి, పదకొండుకల్లా పని ముగించుకుని తన చేలోకి పోయేది. మొదటిరోజు నేను "కొంచెం నా బల్ల కింద కూడా ఊడుస్తారాండీ" అన్నాను. చీపురు పక్కన పడేసి నవ్వింది చూడండి, పన్నెండు కంప్యూటర్లూ ఆగిపోయాయి.

"నన్ను అండి అంటవేంది బిడ్డా! నేనేమన్న తాసీల్దారునా?"

"మరేమని పిలవమంటారు?"

"అవ్వా అను. మీ ఆంధ్రోళ్ళకు నోరు తిరుగుతదో లేదో!"

తిరిగింది. అప్పట్నుంచి నాకు అవ్వే. ఇల్లు వదిలి వచ్చి, నిజాంపేట దగ్గర కిరాయి గదిలో ఒక్కదాన్నే ఉండేదాన్ని. పొద్దున్నే ఏమీ తినకుండా బస్సెక్కి వచ్చేదాన్నని ఆవిడ రెండోరోజే కనిపెట్టేసింది. జొన్నరొట్టె, మిరపకాయ తొక్కు గుడ్డలో మూటగట్టి తెచ్చేది. రొట్టె నాకు గొంతు దిగేది కాదు. "అన్నం తిని తిని మీ పండ్లు మెత్తబడ్డయి" అని ఎగతాళి చేసేది. నెల తిరిగేసరికి ఆ రొట్టె లేకపోతే నాకు తెల్లారేది కాదు.

ఒకసారి తన చేనుకి తీసుకెళ్ళింది. రెండెకరాల చిల్లర. ఇటొక బండ, అటొక బండ, మధ్యలో జొన్న, గట్లమీద కంది. వాన పడితే పంట, లేకపోతే లేదు. "మా మామ దొర దగ్గర తీసుకున్నడు. తెల్లకాయితం మీద రాసుకున్నరు. ఆ కాయితం ఎన్నడో చెదలు తిన్నది. కానీ పహాణిల నా పేరున్నది" అంది. ఆ 'నా పేరున్నది' అనేటప్పుడు ఆవిడ మెడ కొంచెం లేచింది. నాకు ముచ్చటేసింది. దొర చనిపోయి కొడుకులు బంజారాహిల్స్‌లో ఉన్నారట. ఎన్నడూ ఇటు చూడనివాళ్ళు ఈమధ్య కార్లేసుకుని వచ్చి బండలమీద నిలబడి చూసిపోతున్నారట. "ఏం చూస్తున్నరో ఏమో బిడ్డా. జొన్నకంకులైతె కాదు" అంది.

అప్పటికే అక్కడ ఎవరి మొహం చూసినా ఇదే బెంగ. ప్రభుత్వం బండలదాకా మొత్తం తీసుకుంటుందని ఒకరు, కంప్యూటర్లో పేరు లేనివాళ్ళని లేపేస్తారని ఒకరు, ఎన్నికలయ్యాక చూడండి అని ఇంకొకరు. ఆంధ్రావాళ్ళు వచ్చి భూములన్నీ రాసేసుకుంటున్నారని టీ బండి దగ్గర నేను వింటుండగానే అనేవారు. నాకు ఒళ్ళు మండేది. నేనేం రాసుకున్నాను, నాకు సెంటు భూమి లేదు, అద్దెగదిలో చాపమీద పడుకుంటున్నాను కదా అని. మా నాన్న కూతుర్ని, నాకు రోషం ఎక్కువ.

అవ్వ మాత్రం కంప్యూటరంటే భయపడలేదు. ఊడ్చేటప్పుడు వాటి దగ్గర చీపురు నెమ్మదిగా ఆడించేది. నేను టైపు చేస్తుంటే వెనక నిలబడి అడిగేది.

"మా ఊరు ఎక్కించిన్రా బిడ్డా?"

"ఎక్కిస్తున్నాం అవ్వా."

"నా పేరు మంచిగ రాయుర్రి. ఆగమాగం చెయ్యకుర్రి."

"మీ పేరు పోతే నా ఉద్యోగం పోయినట్టే, సరేనా?" అనేదాన్ని. ఎంత తేలిగ్గా అన్నానో ఆ మాట.

ఇంతలో మేనేజరు వచ్చి ఆ భవనం ఎదుట మైదానంలో షామియానా వేసి సభ పెడుతున్నారని చెప్పాడు. ఒక పెద్దాయన వచ్చి మీట నొక్కితే మొదటి కంప్యూటరు పహాణీ అచ్చవుతుంది. దాన్ని ఒక రైతు చేతిలో పెడతారు. పేపరువాళ్ళు ఫొటోలు తీస్తారు. రైతుని మమ్మల్నే చూడమన్నారు. నేను ఎగిరి గంతేసినంత పని చేశాను. "మన అవ్వ ఉంది కదండీ! దగ్గర ఊరు, మనకి తెలిసిన మనిషి" అన్నాను. మేనేజరుకీ నచ్చింది. ఆవిడకి చెప్పాను. కొంగుతో మొహం తుడుచుకుని, "నాకా?" అంది. ఆ సాయంత్రం మా వీధి చివర కొట్లో మిఠాయి కొనుక్కుని ఒక్కదాన్నే తిన్నాను.

సభకి ముందురోజు పన్నెండైనా ఆవిడ చేలోకి పోలేదు. నా బల్ల పక్కన కింద కూర్చుని రేపటి కబుర్లు చెబుతోంది. కోడలి ఆకుపచ్చ చీర కట్టుకుంటుందట. నేను ఆటపట్టిస్తున్నాను, పెద్దాయన ఎదుట నన్ను బిడ్డా అన్నట్టే ఆయన్నీ బిడ్డా అంటారేమోనని. నవ్వి, మోకాళ్ళమీద చేతులేసుకుని, తేలిగ్గా ఊపిరి వదిలి అంది.

"ఇగ నాకు ఫికర్ లేదు బిడ్డా. ఇన్నేండ్లు మాది పెన్సిల్ రాతనే ఉండె."

నేను టైపు చేస్తున్నదాన్ని ఆగిపోయాను.

"దొర సిరా పెట్టనియ్యలే. పెన్సిల్‌తోని రాయి, తర్వాత చూద్దం అని పట్వారికి చెప్పిండట. ఆ తర్వాత అనేది ఇంతవరకు రాలే. మా మామ పోయిండు, మా ఆయన పోయిండు. నేను ప్రతి యేడు ఉగాదికి ముందు పోయి అడుగుతుంటి, నా పేరున్నదా, తుడిచిన్రా అని. పోయినప్పుడల్లా ఒక కోడి. మా ఊళ్ళ సగంమందిది గంతే, పెన్సిల్ రాతనే. ఇప్పుడు మీ డబ్బాల ఎక్కింది గద, ఇగ రబ్బరు పెట్టి ఎవడు తుడుస్తడు?"

తల తిప్పకపోయినా గోడమీద నా కాగితం నాకు కనిపిస్తూనే ఉంది. ఆరో నియమం: పెన్సిలు రాతలు ఎక్కించరాదు.

అది రాసిన రోజు నాకు బాగా గుర్తు. టైపు చేసేవాళ్ళు ప్రతి పేజీలో ఆగిపోతున్నారు. ఈ పెన్సిలు పేరు కూడా కొట్టాలా మేడం, సరిగా కనపడట్లేదు మేడం అని. పని నత్తనడక నడుస్తోంది. పెన్సిలుతో రాసింది చిత్తు కదా, దానికింత ఆలోచన ఎందుకని ఒక్క నిమిషంలో రాసి అంటించేశాను. మండల ఆఫీసులో ఎవర్నీ అడగలేదు. ఊడవడానికి రోజూ వచ్చే రైతు మనిషిని, నా బల్ల కింద చీపురు ఆడించే మనిషిని, అవ్వా, మీవైపు పెన్సిలుతో ఎందుకు రాస్తారు అని అడగలేదు. అడగాలని తోచనైనా లేదు. ఆ వారం పని రెండింతలైంది. మేనేజరు అందరి ఎదుటా నన్ను మెచ్చుకున్నాడు. నేను పొంగిపోయాను, నా బుద్ధి గడ్డి తిన.

ఆవిడ వెళ్ళేదాకా ఆగి, ఆ చేను సర్వే నంబరు కొట్టి చూశాను. పట్టాదారు గడిలో దొర పేరు ఉంది. అనుభవదారు, అంటే దున్నుకునేవారి గడి ఖాళీ. నీటి ఆధారం: వర్షాధారం. పంట: జొన్న. కింద మండల ఆఫీసు సరిచూసినట్టు గుర్తు. ఆ ఊరంతా తిరగేశాను. పేజీ తర్వాత పేజీ, ఖాళీ గడులే.

మేనేజరు గదిలోకి పరిగెత్తాను. ఆయన చెడ్డవాడు కాదు, అది కూడా చెప్పాలి. తలపట్టుకుని కూర్చున్నాడు. "చూడమ్మా, మండలమంతా మళ్ళీ మొదలెట్టాలంటే నెలలు పడుతుంది. సభ రేపు. ఎన్నికలు నెత్తిమీదున్నాయి. ఇప్పుడు తప్పు జరిగిందంటే మన పని పోవడం కాదు, మొత్తం ప్రాజెక్టే ఎత్తేస్తారు. రెండో విడతలో సరిచేద్దాం."

"పోనీ ఆవిడ ఒక్కదాని పేరైనా వేసేస్తానండీ."

"అధికారి సరిచూసిన రికార్డు. నువ్వు చెయ్యి పెడితే దొంగతనం అవుతుంది. అయినా ఒక్కరికి వేసి మిగతావాళ్ళకి వెయ్యకపోతే అదేం న్యాయం?"

ఆ చివరి మాట పట్టుకుని వేలాడాను. న్యాయం! నాకు కావలసింది అలాంటి మాట ఒకటి. నిజం చెప్పాలంటే నాకు భయమేసింది. ఉద్యోగం పోతుందని, పేపర్లో నా తప్పు పడుతుందని, నాన్నకి తెలుస్తుందని. "మరి రేపు ఆవిడకి ఏ కాగితం ఇస్తారు?" అన్నాను. ఆయన నావైపు చూడకుండా, "అదే నంబరు ఇద్దాం. ఆవిడకి చదువు రాదు కదా" అన్నాడు. నేను తలూపాను. తల ఊపింది నేనే, ఇంకెవరూ కాదు.

మర్నాడు షామియానా కింద ఆవిడ ఆకుపచ్చ చీరలో, తలకి నూనె రాసుకుని, ముందు వరుసలో కూర్చుంది. ఊళ్ళోవాళ్ళు ఇరవైమంది దాకా వెంట వచ్చారు. పెద్దాయన మీట నొక్కాడు. ప్రింటరు గీపెట్టింది. చప్పట్లు. కాగితం చుట్టి, ఎర్ర రిబ్బను కట్టి ఆవిడ చేతిలో పెట్టారు. ఆవిడ రెండు చేతులా అందుకుని కళ్ళకద్దుకుంది. ఇక ఎవరి భూమికీ ఢోకా లేదని, కంప్యూటరు లంచం అడగదని, కంప్యూటరుకి పక్షపాతం లేదని మైకులో చెప్పారు. ఆ వాక్యాలు మా కంపెనీ పంపినవే. అందులో రెండు నేను రాసినవి.

వేదిక దిగి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. జనంలో నేను ఒక గుంజ వెనక నిలబడి ఉన్నాను. రిబ్బను విప్పి కాగితం నా ఎదుట పరిచింది.

"ఏడున్నది బిడ్డా నా పేరు? జర చూపియ్యి."

చుట్టూ ఆవిడ ఊరివాళ్ళు మెడలు సాచి చూస్తున్నారు. ఆ క్షణాన నిజం చెప్పొచ్చు. కానీ నా చూపుడువేలు దానంతటదే కదిలినట్టు కదిలి, కాగితం మధ్యలో ఒకచోట ఆగింది.

"ఇదిగో. ఇక్కడ."

ఆవిడ నా వేలు మెల్లిగా పక్కకి తీసి, ఆ చోట తన వేలు పెట్టింది. పక్కనున్న ముసలాయనకి చూపించింది. నాకు చెప్పలేనంత సిగ్గేసింది. తలనొప్పి అని చెప్పి వచ్చేశాను.

రెండో విడత రాలేదు. ఎన్నికలయ్యాయి. మాకు వేరే పని వచ్చింది, సంచులన్నీ మండల ఆఫీసుకి తిరిగి వెళ్ళిపోయాయి. నేను రెండుసార్లు మేనేజర్ని అడిగాను, మూడోసారి మానేశాను. అవ్వ రోజూ వస్తూనే ఉంది, రొట్టె తెస్తూనే ఉంది. ఆ రొట్టె తిన్నాను కూడా. ఎలా తిన్నానో నాకు తెలీదు.

జొన్న కంకి వేసిన రోజుల్లో ఒక పొద్దున ఊడవకుండానే నా బల్ల దగ్గరికొచ్చి నిలబడింది. చేలో రాళ్ళు పాతి తీగ కట్టారట. దొర కొడుకులు అమ్మేశారట. పొక్లెయిన్ వచ్చి గట్టు మీద కందిచెట్లు పీకేసిందట. ఆవిడ ఏడవడం లేదు, కోపంగా ఉంది. చేతిలో ఆ చుట్టిన కాగితం ఉంది, రిబ్బనుతో సహా.

"మండల ఆఫీసుకు పోదాం పా బిడ్డా. నువ్వు రాసినదానివి, నువ్వుంటే వాళ్ళు అడ్డం మాట్లాడరు."

బస్సులో దారంతా నాతో మాట్లాడుతూనే ఉంది. నేను కిటికీలోంచి చూస్తూ ఊఁ కొట్టాను. చెప్పెయ్ చెప్పెయ్ అని లోపల గొడవ. స్టాపు వచ్చింది, దిగాం, చెప్పలేదు.

మండల ఆఫీసులో ఒక గుమాస్తా ఉన్నాడు, మా నాన్న వయసువాడు. కాగితం తీసుకుని కళ్ళజోడు సర్దుకుని చదివాడు. "అవ్వా, ఇండ్ల నీ పేరు లేదు" అన్నాడు.

ఆవిడ కంగారేం పడలేదు. చదవడం రానివాడికి చూపిస్తున్నట్టు, ఓపిగ్గా, కాగితం మధ్యలో వేలు పెట్టింది. "ఇగో సారూ. ఇక్కడున్నది."

అప్పుడు చూశాను. ఆ చోట పసుపు బొట్టు ఉంది. గుర్తు తప్పిపోకుండా ఇంటికెళ్ళి పెట్టుకుందట. దేవుడి పటాల పక్కన పెట్టి, పండగలకి దానిమీదే మళ్ళీ మళ్ళీ అద్దిందట. పసుపు కింద అక్షరాలు ఇంకా కనిపిస్తున్నాయి.

"అవ్వా, అది వర్షాధారం అని ఉన్నది. వాన మీద పండే భూమి అని" అన్నాడాయన.

ఆవిడ నవ్వింది. మొదటిరోజు నన్ను చూసి నవ్విన నవ్వే. "గట్లెట్ల ఉంటది సారూ! మా బిడ్డ వేలు పెట్టి చూపించింది." నావైపు తిరిగింది. "చెప్పు బిడ్డా."

చెప్పాను. అంతా చెప్పాను, ఏడుస్తూ, వెక్కుతూ, ఆఫీసులో అందరూ చూస్తుండగా. పెన్సిలు, ఆరో నియమం, ముందురోజే తెలియడం, వేలు పెట్టడం. ఆవిడ నవ్వు ఎప్పుడు ఆగిందో నేను చూడలేదు, తలెత్తితే కదా.

తర్వాత ఆ గుమాస్తా కాళ్ళావేళ్ళా పడ్డాను, పాత రిజిస్టరు తీయించమని. ఆయన విసుక్కోకుండా తీయించాడు. బీరువా వెనక నుంచి అదే గోనెసంచి, అదే దుమ్ము. ఆ పేజీ దొరికింది. దున్నుకునేవారి గడిలో, పాలిపోయి, పెన్సిలుతో ఆవిడ పేరు. అంతకు ముందు ఏడూ ఉంది. దాని ముందు ఏడూ ఉంది. ప్రతి ఏడూ ఉంది. ఎవరూ తుడవలేదు.

"ఉంది కదండీ! చూడండి, ఉంది!" అని అరిచాను.

"ఉన్నదమ్మా. ఉంటే ఏంది? ఇప్పుడు కంప్యూటర్ల ఉన్నదే చెల్లుతది అని ఆర్డరు. మార్చాలంటే కోర్టుకు పోవాలె" అన్నాడు. సొరుగు లాగి ఒక కాగితం తీసి నా ముందు పెట్టాడు. మా ఆఫీసు గోడమీది నియమాల నకలు, సంచులతోపాటు కంపెనీ పంపింది. కింద నా సంతకం, సిరాతో.

అవ్వ కోర్టుకి వెళ్ళింది. నేను సాక్ష్యం చెబుతానన్నాను, నన్నెవరూ పిలవలేదు. అప్పటికే ప్రహరీ లేచింది. ఇప్పుడు ఆ బండలే లేవు, రాయదుర్గం మెట్రో దిగి ఆ వైపు నడిచేవాళ్ళకి అక్కడ జొన్న పండేదని చెబితే నవ్వుతారు. నేను ఆ వైపు ఉద్యోగాలు రెండు వదులుకున్నాను. దానివల్ల ఆవిడకి ఒరిగిందేమీ లేదు.

కానీ నన్ను ఇప్పటికీ తినేసేది కోర్టు కాదు, ప్రహరీ కాదు. ఆ రోజు రిజిస్టరు తెరిచి ఉండగా జరిగింది. గోడ పక్కన నిలబడ్డ అవ్వ మెల్లిగా బల్ల దగ్గరికి వచ్చింది. పేజీలోకి వంగి చూసింది.

"నా పేరున్నదా అండ్ల?"

"ఉందవ్వా. ఇదిగో, ఇక్కడ" అని వేలు పెట్టాను. ఈసారి నిజంగా ఆవిడ పేరు మీదే పెట్టాను.

ఆవిడ నా వేలు వైపు చూడలేదు. నన్ను దాటి, బల్ల అవతల కూర్చున్న ఆయన్ని అడిగింది.

"సారూ, ఈమె చూపించేది నిజమేనా?"

ఆయన చదివి అవునన్నాడు. అప్పుడు నమ్మింది.